ముందే గీసిన గ్రాఫు, అడిగాక గీసే గ్రాఫు

మునిన్‌నీ ప్రొమీథియస్‌నీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు చాలామంది ఒకటి పాతది, ఒకటి కొత్తది అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఆ తీర్పుతో నాకు తృప్తి లేదు. రెండూ చేసే పని ఒకటే. వందల సర్వర్లు ఎంత మెమొరీ తింటున్నాయో, డిస్కులు ఎంతవరకు నిండాయో, ప్రాసెసర్ల మీద ఎంత భారం పడుతోందో విడవకుండా రాసుకుంటాయి. అడిగినప్పుడు గ్రాఫుగా చూపిస్తాయి. సర్వర్లు పది ఉన్నంతకాలం ఏది పెట్టుకున్నా నడుస్తుంది. మూడు వందలయ్యేసరికి రెండింటి మీదా ఒకే ఫిర్యాదు వస్తుంది: గ్రాఫు తెరుచుకోవడం లేదు, తెరుచుకున్నా ఆలస్యంగా తెరుచుకుంటోంది. ఫిర్యాదు ఒకటే అయినా జబ్బులు రెండు. ఏ జబ్బు ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ పోతే, ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు ఏ పనిని ఏ వేళకు చేయాలని నిర్ణయించుకున్నారో కనిపిస్తుంది. వాటి మధ్య అసలు తేడా ఆ నిర్ణయంలోనే ఉంది.

కొలబద్దకు మన ఊళ్లనే తీసుకుంటాను. ప్రొద్దుటూరులో ప్రధాన సర్వర్ గది, జమ్మలమడుగులోనూ పులివెందులలోనూ శాఖలు, అన్నీ కలిపి 300 యంత్రాలున్న సంస్థ ఒకటి ఉందనుకుందాం. ఇది ఊహే, అయినా ఈ నేలకు దూరమైన ఊహ కాదు. పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ 2006 నుంచి ఉంది. ఇడుపులపాయలో 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీలో వేలమంది పిల్లలు ల్యాప్‌టాప్‌ల మీదే చదువుకున్నారు. కలమళ్ల దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. మైలవరం మండలంలో సోలార్ పార్కు ఉంది. యంత్రాలను వందల లెక్కన కనిపెట్టుకుని ఉండాల్సిన పని మన జిల్లాకు కొత్తది కాదు. ఇక్కడ చదివి బెంగళూరులో, హైదరాబాదులో రాత్రి డ్యూటీలు చేస్తూ ఈ గ్రాఫుల ముందే తెల్లవార్లూ కూర్చునే పిల్లలు మా వైపు వీధికొకరు కనిపిస్తారు. ఈ పోలిక ముఖ్యంగా వాళ్ల కోసమే.

ముందు మునిన్. దాని అడుగున ఆర్ఆర్‌డీటూల్ ఉంది, దానికీ ముందు ఎంఆర్‌టీజీ ఉంది. 1990ల నడుమ టోబీ ఓటికర్ ఇంగ్లండ్‌లోని డి మాంట్‌ఫోర్ట్ యూనివర్సిటీలో ఉండగా, అక్కడి 64 కిలోబిట్ల ఇంటర్నెట్ లైను ఎంత వాడకంలో ఉందో అందరికీ కనబడాలని ఎంఆర్‌టీజీ రాశాడు. అది ఐదు నిమిషాలకోసారి కొలిచి, కొలిచిన వెంటనే గ్రాఫులన్నీ గీసి పెట్టేది. కొలవాల్సిన లైన్లు పెరిగేకొద్దీ గీయడమే పెద్ద భారమైంది. 1999లో ఓటికరే విడుదల చేసిన ఆర్ఆర్‌డీటూల్ దాచే పనినీ గీసే పనినీ విడదీసింది. విలువలు ఒక ఫైల్లో పడి ఉంటాయి, ఎవరైనా అడిగినప్పుడు వాటిలోంచి బొమ్మ గీసుకోవచ్చు. 2001లో వచ్చిన కాక్టై ఆ దారినే పట్టింది. నార్వేలో లిన్‌ప్రో సంస్థవాళ్ల చేతుల్లో పుట్టిన మునిన్ మాత్రం ఆర్ఆర్‌డీటూల్‌ను వాడుకుంటూనే ఎంఆర్‌టీజీ అలవాటుకు తిరిగి వెళ్లింది. ఐదు నిమిషాలకోసారి, వేళకు పనులు మొదలుపెట్టే క్రాన్ లేచి, యంత్రాలన్నిటి నుంచీ విలువలు తెచ్చి, హద్దులు దాటాయేమో చూసి, వెబ్ పేజీలు తయారుచేసి, గ్రాఫులన్నీ గీసేసేది. చూసేవాళ్లు ఉన్నారా లేరా అన్న ప్రశ్నే లేదు.

ఈ నిర్ణయాన్ని తెలివితక్కువ అని కొట్టిపారేయలేను. ముందే గీసిన బొమ్మను చూపడానికి ఏ చిన్న వెబ్ సర్వరైనా చాలు. నూరుమంది ఒకేసారి చూసినా భారం పెరగదు. పేజీ తెరిచిన క్షణంలో గ్రాఫు కళ్ల ముందుంటుంది. యాభై యంత్రాల కాలేజీ ల్యాబుకు ఇంతకన్నా హాయైన ఏర్పాటు ఉండదని ఇప్పటికీ అనుకుంటాను. తిప్పలు యంత్రాల సంఖ్యతో వస్తాయి. ప్రొద్దుటూరు హోటల్లో ఉగ్గాని పొద్దున్నే కలిపి పెట్టుకుంటారు, మిరపకాయ బజ్జీని మాత్రం మనిషి వచ్చి అడిగాకే నూనెలో వేస్తారు. తొలినాళ్ల మునిన్ బజ్జీలు కూడా ముందే వేసి పెట్టింది, ఐదు నిమిషాలు తిరక్కుండానే వాటిని పక్కన పడేసి మళ్లీ వేసింది.

లెక్క వేస్తే ఇలా ఉంటుంది. యంత్రానికి 40 ప్లగిన్లు, అంటే ఒక్కో సంగతిని కొలిచే చిన్న ప్రోగ్రామ్‌లు, ఉన్నాయనుకుందాం. ఒక్కో ప్లగిన్‌కు రోజు, వారం, నెల, ఏడాది అని నాలుగు గ్రాఫులు. 300 యంత్రాలకు 48,000 బొమ్మలు. వారం, నెల, ఏడాది బొమ్మలు ఇంకా తాజాగానే ఉంటే మళ్లీ గీయకుండా వదిలేసే తెలివి మునిన్‌కు ఉంది. రోజు గ్రాఫులను వదలడానికి వీల్లేదు, అవి 12,000. ఒక్కోదానికి 0.1 సెకను వేసుకున్నా 1,200 సెకన్లు, అంటే 20 నిమిషాలు. చేతిలో ఉన్నవి ఐదే. నాలుగు కోర్లను పూర్తిగా ఈ పనికే ఇచ్చేస్తే సరిగ్గా ఐదు నిమిషాలకు అవుతుంది, ఆ క్షణానికే తర్వాతి విడత మొదలుపెట్టాలి.

ఇక్కడ ఆగితే సగమే చూసినట్టు. ఇంకా నాలుగు కోర్లు కొనుక్కొచ్చి పెట్టినా గ్రాఫు కదలని సందర్భాలు ఎన్నో ఉంటాయి. అప్పుడు ప్రాసెసర్‌ను వదిలి డిస్కును చూడాలి. మునిన్ ప్రతి గీతకూ ఒక ఆర్ఆర్‌డీ ఫైలు పెడుతుంది. సీపీయూ అనే ఒక్క గ్రాఫులోనే యూజర్, సిస్టమ్, ఐడిల్, ఐఓవెయిట్ అంటూ ఏడెనిమిది గీతలుంటాయి, అన్నీ విడివిడి ఫైళ్లే. యంత్రానికి 150 ఫైళ్లు అనుకుంటే మొత్తం 45,000. ఐదు నిమిషాల్లో వాటన్నిటినీ ముట్టుకోవాలంటే సెకనుకు 150 ఫైళ్లు తెరిచి, చదివి, రాసి, మూయాలి. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే హార్డ్ డిస్కు చెల్లాచెదురుగా ఉన్న చోట్లను సెకనుకు వందకు కాస్త అటూ ఇటూగా మాత్రమే అందుకోగలదు. పైగా ఒక్కో ఫైల్లో మార్పు ఒక్కచోట పడదు. తలభాగం, సగటు, కనిష్ఠం, గరిష్ఠం అని మూడు నాలుగు చోట్ల పడుతుంది.

ఇంత యాతన పడుతున్న ఆ ఫైళ్ల మొత్తం బరువెంతో చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. మునిన్ మామూలు అమరికలో ఐదు నిమిషాల విలువలు 576, అరగంట సగటులు 432, రెండు గంటల సగటులు 540, రోజు సగటులు 450 ఉంటాయి. కలిపి 1,998 వరసలు. సగటు, కనిష్ఠం, గరిష్ఠం మూడింటినీ 8 బైట్ల చొప్పున దాచుకుంటుంది కనుక ఫైలు దాదాపు 48 కిలోబైట్లు, తలభాగం కలిపితే ఇంకాస్త. 45,000 ఫైళ్లూ చేర్చినా రెండు గిగాబైట్లకు కొంచెం పైన. ఇవాళ చవక ల్యాప్‌టాప్ మెమొరీలో కూడా పట్టే బరువు అది. డిస్కు మొరాయిస్తున్నది డేటా ఎక్కువై కాదన్నమాట. ఎనిమిదేసి బైట్ల రాతలు వేల చోట్ల చిందరవందరగా పడుతున్నందుకు మొరాయిస్తోంది. గ్రాఫు ఆలస్యమవుతోందని పెద్ద డిస్కు కొనిపించినవాళ్లు ఈ లెక్క వేసి ఉండరు.

కాబట్టి మునిన్ దగ్గర రోగ నిర్ణయం ఒక వరసలో సాగాలి. ముందు మునిన్ లాగులు తెరిచి విలువలు తెచ్చే అప్‌డేట్‌కు ఎంత, గ్రాఫుకు ఎంత పట్టిందో విడివిడిగా చూడాలి. అప్‌డేట్ లాగులో ఒక్క యంత్రమే అందరినీ ఆపుతుంటే దాని ప్లగిన్లలో ఏదో ఒకటి నిద్రపోతోందని అర్థం. మునిన్ ఒక యంత్రపు ప్లగిన్లను ఒకదాని తర్వాత ఒకటిగా అడుగుతుంది, కాబట్టి ఒక్క ప్లగిన్ నిద్రపోతే వెనకున్నవన్నీ ఆగుతాయి. తర్వాత, డిస్కు ఎంత పనిలో ఉందో చూపే ఐఓస్టాట్. డిస్కు నూరు శాతం నిండుగా పనిచేస్తూ ప్రాసెసర్ ఖాళీగా ఉంటే రాతల గొడవ. డిస్కు ఖాళీగా ఉండి ప్రాసెసర్ ఉడుకుతుంటే గీతల గొడవ. రాతల గొడవకు ఆర్ఆర్‌డీక్యాష్‌డీ మందు. అది 2009లో ఆర్ఆర్‌డీటూల్ 1.4తో వచ్చింది. వచ్చిన విలువలను మెమొరీలో పట్టి ఉంచి, అరగంట గడువు పెడితే ఒక్కో ఫైలుకు ఆరు విలువలను ఒక్క విడతలో రాస్తుంది. సెకనుకు 150 ఫైళ్లు ముట్టుకోవాల్సిన చోట 25 చాలు. దీన్ని పెట్టుకున్నాక గ్రాఫులో చివరి అరగంట మాయమైందంటే, గీసే ప్రోగ్రామ్‌కు క్యాష్ చిరునామా చెప్పడం మరిచారని తెలుసుకోవాలి. ఫైళ్లను తిన్నగా మెమొరీలోనే పెట్టి అప్పుడప్పుడూ డిస్కుకు కాపీ తీసుకునేవాళ్లూ ఉన్నారు. రెండు గిగాబైట్ల లెక్క చూశాక అది సాహసమేమీ అనిపించదు, కరెంటు పోతే ఎంత పోగొట్టుకోవడానికి సిద్ధమో ముందే తేల్చుకుంటే చాలు.

2012లో వచ్చిన మునిన్ 2.0 తన పాత నిర్ణయాన్ని తానే దిద్దుకుంది. గ్రాఫును అడిగినప్పుడు సీజీఐ ద్వారా గీసే పద్ధతి ముందుకొచ్చింది. ఐదు నిమిషాలకోసారి 12,000 బొమ్మల బాధ తప్పింది. ఆ భారం మాయం కాలేదు, వేళ మారి చూసేవాడి ఎదురుచూపులోకి చేరింది. ఒక యంత్రం పేజీ తెరిస్తే 40 ప్లగిన్లకు రోజు, వారం గ్రాఫులు కలిపి 80 బొమ్మలు ఒకేసారి అడుగుతుంది. ఒక్క కోరు మీద ఎనిమిది సెకన్లు. మామూలు సీజీఐ అయితే ప్రతి బొమ్మకూ పెర్ల్ ప్రోగ్రామ్ కొత్తగా లేచి, మొత్తం అమరిక చదువుకుని, ఒక్క బొమ్మ గీసి పోతుంది. ఫాస్ట్‌సీజీఐ పెడితే అది లేచే ఉంటుంది. ఈ ఒక్క మార్పు చేయకుండా మునిన్ 2.0ను తిట్టినవాళ్లను చాలామందిని చూశాను. వాళ్ల తిట్టు మునిన్‌కు చెందదు.

ప్రొమీథియస్ మరో కాలపు అవసరం లోంచి వచ్చింది. 2012లో బెర్లిన్‌లోని సౌండ్‌క్లౌడ్ సంస్థలో మాట్ ప్రౌడ్, జూలియస్ వోల్జ్ మొదలుపెట్టారు. 2015లో లోకానికి ప్రకటించారు. 2016లో క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్‌లో కుబెర్నెటిస్ తర్వాత చేరిన రెండో ప్రాజెక్టు ఇదే. 2017 నవంబరులో వచ్చిన 2.0తో దాని నిల్వ పద్ధతి మొత్తం మారింది. ఆ కొత్త నిల్వను ఫాబియన్ రైనార్ట్జ్ రాశాడు. ఆ నిల్వ మీద పనిచేసి ప్రొమీథియస్ నిర్వాహకుల్లో చేరిన గౌతమ్ వీరమాచనేని, గణేశ్ వెర్ణేకర్ ఇద్దరూ ఐఐటీ హైదరాబాద్‌లో చదివినవాళ్లు. మన పిల్లలు ఈ సాఫ్ట్‌వేర్‌ను వాడటం దగ్గరే ఆగిపోనక్కర్లేదని చెప్పడానికి ఇంతకన్నా మంచి నిదర్శనం నాకు తెలియదు.

ఆ నిల్వ పద్ధతికీ ఆర్ఆర్‌డీకీ పొత్తు లేదు. ఫైలుకు ఒక గీత అన్న మాటే ఇక్కడ లేదు. తాజా విలువలన్నీ మెమొరీలో చేరతాయి, వాటితోపాటే వరసగా ఒక లాగులో పడతాయి. డిస్కు చెల్లాచెదురుగా పరిగెత్తనక్కర్లేదు, తిన్నగా రాసుకుంటూ పోతే చాలు. రెండేసి గంటల ముక్కలుగా వాటిని కుదించి పక్కన పెడుతుంది. ఒక్కో విలువకు సగటున ఒకటి నుంచి రెండు బైట్లు. ఆ కుదింపు ఉపాయం ఫేస్‌బుక్ ఇంజినీర్లు 2015లో ప్రచురించిన గొరిల్లా పత్రం నుంచి వచ్చింది. మన 300 యంత్రాలు ఒక్కోటి వెయ్యి సిరీస్‌లు, అంటే వేళలవారీ విలువల వరసలు, ఇచ్చినా మొత్తం 3 లక్షలు. 15 సెకన్లకోసారి తీసుకుంటే సెకనుకు 20,000 విలువలు. ఒక మోస్తరు సర్వరు దీన్ని శ్రమ లేకుండా మోస్తుంది. మునిన్ ఐదు నిమిషాలకు 45,000 విలువలు రాయడానికి పడిన ఆపసోపాల పక్కన పెట్టి చూస్తే, రాయడంలో ప్రొమీథియస్ ఎంత ముందుందో ఇక వాదించనక్కర్లేదు.

దాని జబ్బు చదవడంలో ఉంది. ఒక ఉదాహరణ చాలు. యంత్రానికి 32 కోర్లు, కోరుకు ఎనిమిది రకాల సీపీయూ లెక్కలు. యంత్రానికి 256 సిరీస్‌లు, 300 యంత్రాలకు 76,800. వీటన్నిటినీ కలిపి ఏడు రోజుల గ్రాఫు కావాలని ఎవరో డ్యాష్‌బోర్డులో ఒక ప్యానెల్ పెట్టారు. 15 సెకన్లకొకటి చొప్పున ఏడు రోజులకు ఒక్కో సిరీస్‌లో 40,320 విలువలు. మొత్తం విప్పాల్సినవి దాదాపు 310 కోట్లు. తెర మీద పడేవి వెయ్యి చుక్కలే కావచ్చు, ఆ చుక్కల కోసం కుదించిన ముక్కలన్నీ విప్పక తప్పదు. రికార్డింగ్ రూల్ పెట్టి, యంత్రానికి ఎనిమిది చొప్పున నిమిషానికోసారి ముందే కూడి ఉంచితే సిరీస్‌లు 2,400, ఏడు రోజులకు విలువలు 2.4 కోట్లు. నూరో వంతు కూడా కాదు. గ్రాఫు వెంటనే వస్తుంది.

ఆ రికార్డింగ్ రూల్‌ను జాగ్రత్తగా చూడండి. ఎవరూ అడగకముందే నిమిషానికోసారి పని చేసి పెట్టుకోవడం అది. మునిన్ మొదట చేసిందీ అదే. కాకపోతే మునిన్ బొమ్మలను ముందే గీసింది, ప్రొమీథియస్ కూడికలను ముందే చేస్తుంది. మునిన్ అన్నిటికీ చేసింది, ప్రొమీథియస్ మనిషి ఎంచినవాటికే చేస్తుంది. ముందే చేయడమా, అడిగాక చేయడమా అన్న తగువులో రెండు సాఫ్ట్‌వేర్లూ తమ తమ మొదటి మాట నుంచి కదిలి నడుమకు వచ్చాయి. ఎదురెదురు కొసల నుంచి బయల్దేరి అక్కడికే చేరాయి కనుక, పెద్ద ఎత్తున నడిచే చోట సరైన జవాబు ఆ నడుమే ఉందని నమ్ముతాను.

ప్రొమీథియస్‌లో ఇంకో ప్రమాదం ఉంది, మునిన్‌లో దాని జాడ లేదు. అది లేబుల్. కొలిచే ప్రతి విలువకూ పేర్లు తగిలించవచ్చు: ఏ యంత్రం, ఏ డిస్కు, ఏ పేజీ. ఫలితాల వెబ్‌సైటు రాసిన ఒక కుర్రాడు మంచి ఉద్దేశంతోనే హాల్ టికెట్ నంబరును లేబుల్‌గా పెట్టాడనుకుందాం. 6,000 మంది విద్యార్థులు, 20 పేజీలు, జవాబు కాలానికి పది మెట్లు. ఒక్క కొలతకే 12 లక్షల సిరీస్‌లు. అప్పటిదాకా ఉన్న మొత్తం 3 లక్షలే. ఫలితాలు వచ్చిన రోజు మధ్యాహ్నానికి గ్రాఫులన్నీ నెమ్మదిస్తాయి, సాయంత్రానికి మెమొరీ నిండుతుంది. కుర్రాడి గ్రాఫే కాదు, పులివెందుల శాఖ డిస్కు గ్రాఫు కూడా రాదు. ప్రొమీథియస్ వెబ్ పేజీలోనే టీఎస్‌డీబీ స్టేటస్ అని ఒకటుంది. ఏ కొలతకు ఎక్కువ సిరీస్‌లున్నాయో, ఏ లేబుల్‌కు ఎక్కువ విలువలున్నాయో పెద్దవాటి నుంచి వరసగా చూపిస్తుంది. ఇలాంటి రోజు మొదట తెరవాల్సిన పేజీ అది.

ప్రొమీథియస్ వైపు రోగ నిర్ణయంలో మూడో మనిషి కూడా ఉన్నాడు: గ్రఫానా. 2014లో టార్కెల్ ఓడెగార్డ్ విడుదల చేసిన ఈ డ్యాష్‌బోర్డు గ్రాఫును సర్వర్లో గీయదు, చూసేవాడి బ్రౌజర్లో గీస్తుంది. అర సెకనులో జవాబు ఇచ్చిన ప్రొమీథియస్‌ను తప్పుపట్టి ప్రయోజనం లేని సందర్భాలు ఇక్కడే పుడతాయి. ఒక్క ప్యానెల్‌లో మూడు వేల గీతలు దింపితే నాలుగు గిగాబైట్ల పాత ల్యాప్‌టాప్ ఊపిరాడక ఆగిపోతుంది. ప్యానెల్‌ను ఇన్‌స్పెక్ట్ చేస్తే క్వెరీకి ఎంత పట్టిందో చెబుతుంది. క్వెరీ చురుగ్గా ఉండి తెర మాత్రం మొద్దుబారితే తగ్గించాల్సినవి గీతలు. మూడు వేల గీతల్లో మనిషి కన్ను ఎలాగూ ఏదీ పట్టుకోలేదు, పెద్దవి పది చూపిస్తే చాలు.

జ్ఞాపకం విషయంలో మాత్రం నా మొగ్గు మునిన్ వైపు ఉంది. మునిన్ ఏడాది గ్రాఫుకు 450 చుక్కలు చదివితే సరిపోతుంది. అందుకే రోజు గ్రాఫుకూ ఏడాది గ్రాఫుకూ పట్టే సమయంలో పెద్ద తేడా ఉండదు. దానికి మూల్యం ఉంది. నిరుడు మే నెలలో ఏ మధ్యాహ్నం రెండింటికి భారం ఆకాశానికంటిందో ఆ గ్రాఫు చెప్పదు, ఆ రోజు మొత్తానికి ఒక సగటు, ఒక గరిష్ఠం చెబుతుంది. ప్రొమీథియస్ దాచినంతకాలం ప్రతి విలువనూ ఉన్నదున్నట్టు ఉంచుతుంది, కానీ మామూలు అమరికలో 15 రోజులే ఉంచుతుంది. గడువు పెంచి ఏడాదికి తెస్తే ఏడాది గ్రాఫు ఏడాది పొడుగునా ఉన్న ముడి విలువలను విప్పుతూ కూర్చుంటుంది. సగటులుగా కుదించి దాచుకునే ఏర్పాటు దానిలో లేదు, అందుకు థానోస్ లాంటి మరో సాఫ్ట్‌వేర్‌ను తోడు తెచ్చుకోవాలి. వచ్చే ఏడు ఎన్ని డిస్కులు కొనాలో తేల్చుకోవడానికి నిన్న మధ్యాహ్నపు 15 సెకన్ల విలువలు అక్కర్లేదు. రెండు గిగాబైట్లలో ఏడాదికి పైగా చరిత్ర పట్టించిన మునిన్ పొదుపును ఈ తరం చిన్నచూపు చూస్తోంది. ఆ చిన్నచూపు తప్పని నా అభిప్రాయం.

గ్రాఫు ఆలస్యమైతే మనిషి కాసేపు ఎదురుచూస్తాడు, అంతేగా అనిపించవచ్చు. అంతే అయితే ఇంత రాయనక్కర్లేదు. చూడటం, రాసుకోవడం ఒకే యంత్రంలో ఉన్నప్పుడు మొదటిది రెండోదాన్ని తినేస్తుంది. పాత మునిన్‌లో గ్రాఫుల విడత డిస్కును, ప్రాసెసర్‌ను ఆక్రమిస్తే, అదే వేళకు విలువలు తేవాల్సిన అప్‌డేట్ వెనకబడుతుంది. ముందు విడత ఇంకా లాక్ పట్టుకునే ఉంటే తర్వాతి విడత ఏమీ చేయకుండా వెనక్కి పోతుంది. గ్రాఫులో గంట్లు పడతాయి. ఆ గంట్లు చూసి జమ్మలమడుగు లైను తెగిందని అక్కడికి మనిషిని పరిగెత్తిస్తారు. తెగింది ప్రొద్దుటూరు సర్వర్ ఊపిరి. ప్రొమీథియస్‌లో ఇదే నేరం ఇంకో రూపంలో జరుగుతుంది. బరువైన క్వెరీలు కొన్ని ఒకేసారి పడితే మెమొరీ నిండి, లైనక్స్ కెర్నెల్ ఆ ప్రోగ్రామ్‌ను చంపేస్తుంది. చూడటం ఆగిపోవడమే కాదు, రాసుకోవడమూ ఆగిపోతుంది. అదీ భారం ఎక్కువై అందరూ డ్యాష్‌బోర్డులు తెరిచిన రోజునే. ఏ రోజు విలువలు అన్నిటికంటే అవసరమో ఆ రోజువే పోతాయి. నా దృష్టిలో ఈ రెండు సాఫ్ట్‌వేర్లనూ తూచాల్సిన అసలు ప్రశ్న ఇదే: చూసేవాళ్ల తాకిడి నుంచి రాతను ఎంతవరకు కాపాడుతోంది?

ప్రొమీథియస్ కొన్ని కంచెలు కట్టింది. ఒక క్వెరీకి రెండు నిమిషాల గడువు, ఒకేసారి 20 క్వెరీల హద్దు, ఒక క్వెరీ ఒక్కసారిగా మెమొరీలోకి తెచ్చుకోగల విలువలకు 5 కోట్ల హద్దు. ఇవన్నీ మామూలు అమరికలోనే ఉన్నాయి, తగ్గించుకోవచ్చు కూడా. మునిన్‌కు అలాంటి కంచెలు తక్కువ, ఎందుకంటే దాన్ని అడగగల ప్రశ్నలే తక్కువ. అన్నీ ముందే నిర్ణయించిన గీతలు. కొత్త ప్రశ్న వేయాలంటే ప్లగిన్ రాయాలి లేదా అమరిక మార్చాలి. డ్యాష్‌బోర్డు తెరిచిన ప్రతివాడూ సర్వర్‌ను పడగొట్టగల బరువైన ప్రశ్న వేసే అవకాశం మునిన్ ఇవ్వదు. పరిమితి అని అందరూ అనేదాన్ని నేను రక్షణ అంటాను. పిల్లలు స్వేచ్ఛగా తెరిచి చూసే కాలేజీ ల్యాబులో అది మంచి గుణం. పెద్ద సంస్థలో అది చాలదు, అక్కడ రోజూ కొత్త ప్రశ్న పుడుతుంది.

లైన్లు, కరెంటు సంగతి కూడా చూడాలి, మన వైపు ఎండాకాలంలో అది పక్కనపెట్టే విషయం కాదు. ప్రొద్దుటూరుకూ పులివెందులకూ మధ్య లైను గంటసేపు పోయిందనుకోండి. మామూలు మునిన్, మామూలు ప్రొమీథియస్ రెండూ ఆ గంటను పోగొట్టుకుంటాయి. మునిన్ 2.0తో వచ్చిన అసింక్ పెట్టుకుంటే పులివెందుల యంత్రమే తన విలువలను తన దగ్గర దాచుకుని, లైను వచ్చాక వేళలతో సహా అప్పజెబుతుంది. ప్రొమీథియస్ వైపు 2021లో వచ్చిన ఏజెంట్ మోడ్ దాదాపు రెండు గంటల విలువలు పట్టి ఉంచి పంపగలదు. కరెంటు పోయి వచ్చాక మునిన్ ఐదు నిమిషాల్లో మామూలుగా లేస్తుంది, గ్రాఫులో ఒక గంటు మిగులుతుంది. ప్రొమీథియస్ తన లాగు మొత్తం మళ్లీ చదువుకుంటేనే లేస్తుంది. సిరీస్‌లు లక్షల్లో ఉంటే దానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాల్లో గ్రాఫు రాకపోతే తొందరపడి మళ్లీ రీస్టార్ట్ చేయకూడదు, చేస్తే చదవడం మొదటి నుంచి మొదలవుతుంది.

మన ఊహా సంస్థకు నేను ప్రొమీథియస్‌నే ఎంచుతాను, మూడు ఊళ్లలో మూడుగా. ప్రతి శాఖలో ఒక చిన్న ప్రొమీథియస్ తన యంత్రాలను తానే చూసుకుంటే, ప్రొద్దుటూరులో ఎవరో తెరిచిన బరువైన గ్రాఫు పులివెందుల రాతను ఆపలేదు. ప్రొద్దుటూరుది వాటి నుంచి ముందే కూడిన కూడికలనే తెచ్చుకుంటుంది. ఏడాది చరిత్ర కోసం ఓ మూల మునిన్‌ను కూడా నడవనిస్తాను, రెండు గిగాబైట్లు ఎవరికీ బరువు కాదు.

చివరి తేడా ఒకటుంది, రోగ నిర్ణయం చేసేవాడికి అదే అన్నిటికన్నా పనికొచ్చేది. మునిన్‌కు గ్రాఫు ఆలస్యమైతే ఎంత ఆలస్యమైందో దాని లాగులు చెబుతాయి, ఎవరు ఏ గ్రాఫు తెరిచారో వెబ్ సర్వర్ లాగు చెబుతుంది. రెండింటినీ కలిపి చదువుకోవాలి. ప్రొమీథియస్ తన కొలతలను తానే బయటపెడుతుంది. క్వెరీలకు ఎంత పడుతోందో, మెమొరీలో ఎన్ని సిరీస్‌లున్నాయో మిగతా సర్వర్ల లాగే తన గ్రాఫూ గీసుకుంటుంది. 2020లో 2.16తో క్వెరీ లాగు కూడా చేరింది. ప్రతి క్వెరీ, దానికి పట్టిన సమయం అందులో పడతాయి. కానీ దాన్ని అమరికలో మనమే ఆన్ చేసుకోవాలి, మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. గ్రాఫులు నెమ్మదించాక ఆన్ చేస్తే అప్పటిదాకా జరిగింది దొరకదు. ప్రొమీథియస్ పెట్టిన మొదటి రోజే దాన్ని ఆన్ చేసి, వారానికోసారి ఎక్కువ సమయం తిన్న పది క్వెరీలను పైకి తీసి చూసుకుంటే, ఏ డ్యాష్‌బోర్డులో ఏ ప్యానెల్‌కు రికార్డింగ్ రూల్ కావాలో ఫిర్యాదు రాకముందే తెలిసిపోతుంది.